ఈ పాట ఉచితంగా ఇవ్వమన్నది ఎవరు?

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. ఆవిడ ఇంట్లోనే కుట్టుపని చేస్తారు. రోజుకు 8, 9 గంటలు మిషన్ ముందే. పక్కన ఫోన్‌లో పాటలు మోగుతూ ఉంటేనే పని సాగుతుంది. చాలా ఏళ్ల కిందట తమ్ముడు ఒక ఎంపీ3 సైటు చూపించాడు. అందులోంచి దించుకున్న పాటలు ఇప్పుడు 1,600 దాటాయి. రెండేళ్ల కిందట అతనే ఒక మ్యూజిక్ యాప్‌ని ప్రకటనలు రాకుండా ఎవరో మార్చిన ఏపీకే ఫైల్ తెచ్చి ఆవిడ ఫోన్‌లో వేశాడు. ఈమధ్య ఆ ఫోన్‌లో అడగని నోటిఫికేషన్లు వస్తున్నాయి, ముట్టుకోకుండానే పేజీలు తెరుచుకుంటున్నాయి.

ఇంట్లో 78 ఏళ్ల తండ్రి ఉన్నారు. చూపు బాగా మందగించింది. రాత్రి నిద్ర పట్టాలంటే పియానో, వయొలిన్ లాంటి వాద్య సంగీతమో, గ్రామఫోన్ రికార్డుల నాటి పాత పాటలో వినిపించాలి. మధ్యలో ప్రకటన గట్టిగా మోగిందంటే ఉలిక్కిపడి లేస్తారు. పైగా వారానికోసారి కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి మూడు గంటల ప్రయాణం. దారి పొడవునా సిగ్నల్ ఉండదు.

ఆవిడ చేత ఉత్తరం రాయించింది మాత్రం కొడుకు సంగతి. పదహారేళ్ల పిల్లాడు సొంతంగా బాణీ కట్టి, పాడి, ఆ పాటను నెట్‌లో పెట్టాడు. నెల తిరగకముందే అది ఒక ఎంపీ3 సైటులో ఇంకెవరి పేరుతోనో కనిపించింది. "రెండు రోజులు వాడు కీబోర్డు మీద గుడ్డ తీయలేదు. ఆ సైటు పేరు చూశాక నాకు నోట మాట రాలేదు. నా ఫోన్‌లో ఉన్న పాటలన్నీ అక్కడివే" అని రాశారు. ఇంకా ఇలా అడిగారు: "ఇన్నాళ్లూ నేను చేసింది దొంగతనమేనా? ఆ పాటలన్నీ తుడిచేయాలా? నెలనెలా చందా కట్టే స్తోమత నాకు లేదు. న్యాయంగా, డబ్బు పెట్టకుండా వినే దారి అసలు ఉందా? ప్రేమగా చేసిపెట్టిన తమ్ముడికి ఏమని చెప్పను?"

సమాధానం:

మీ ఉత్తరంలో నన్ను ముందుగా కంగారు పెట్టింది మీ ఫోన్. మిగతావాటికి తీరిగ్గా దారి వెతుక్కోవచ్చు, దీన్ని మాత్రం ఈరోజే చూడండి. ఎవరో మార్చిన యాప్ అంటే, అసలు యాప్‌ని విప్పి, లోపల తమకు కావలసినవి చేర్చి, మళ్లీ కట్టి ఇచ్చినది. ప్రకటనలు తీసేసినవాళ్లు దాంతోపాటు ఇంకేం పెట్టారో మీకూ తెలియదు, మీ తమ్ముడికీ తెలియదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ యాప్‌కి ఏయే అనుమతులు ఉన్నాయో చూడండి. పాటలు వినిపించే యాప్‌కి ఎస్ఎంఎస్‌లతో పనేముంటుంది? యాక్సెసిబిలిటీ అనుమతి ఉందేమో మరీ ముఖ్యంగా చూడండి. అది ఉన్న యాప్ తెర మీద ఉన్నదంతా చదవగలదు, మీ బదులు తనే నొక్కగలదు. ఆ అనుమతులు తీసేసి, తర్వాత యాప్‌ని తొలగించండి. ప్లే స్టోర్‌లో, ఫోన్‌లోని యాప్‌లను తనిఖీ చేసే ప్లే ప్రొటెక్ట్ స్కాన్ నడపండి. ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఇంట్లో ఇంకో ఫోన్ నుంచి మార్చండి. ఎస్ఎంఎస్ అనుమతి ఇచ్చి ఉన్నట్టు కనిపిస్తే బ్యాంకుకు ఒక మాట చెప్పి ఉంచండి. ఇంత చేసినా పేజీలు తెరుచుకుంటుంటే ఫొటోలు వేరేచోట దాచి ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే, అంటే అందులో ఉన్నదంతా తుడిచి కొత్త ఫోన్‌లా చేయడం.

నోటిఫికేషన్ల బెడద మాత్రం చాలావరకు ఆ ఎంపీ3 సైటు నుంచే వచ్చి ఉంటుంది. పాట దించబోతే "మీరు రోబో కాదని తెలియడానికి అలో నొక్కండి" అని ఒక పెట్టె వచ్చి ఉంటుంది, గుర్తుందా? ఆ అలోకీ రోబోకీ ఏ సంబంధమూ లేదు. మీ బ్రౌజర్‌కి నోటిఫికేషన్లు పంపే అనుమతి అలా తీసుకుంటారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ దగ్గర ఆ సైటు పేరు వెతికి తీసేయండి.

ఇక దొంగతనమా అన్న ప్రశ్న. ఆ మాట మీ మీద వేయడానికి నాకు మనసు రాదు. పాటను అందరికీ తెలిసిన సైటులో, అందరూ నొక్కే బటన్ నొక్కి దించుకున్నారు. అది తప్పని చెప్పేవాళ్లు మీకు తారసపడలేదు. కానీ పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు, పాడినవాళ్లు, ఖర్చు పెట్టి రికార్డు చేసినవాళ్లు ఎవరూ దానికి ఒప్పుకోలేదన్నది నిజం. సొంతానికి దించుకున్నవాళ్ల విషయంలో చట్టం దేశానికో రకంగా ఉంటుంది. పెద్ద కేసులు ఎక్కువగా సైట్లు నడిపేవాళ్ల మీదే నడిచాయి. యూట్యూబ్ వీడియోలను ఎంపీ3లుగా మార్చి ఇచ్చే ఒక పెద్ద సైటు మీద రికార్డు కంపెనీలు 2016లో దావా వేస్తే, మరుసటి ఏడాది అది మూతపడింది. మీ ఇంటి తలుపు ఎవరో తడతారని భయపడకండి. మీ అబ్బాయి మొహం చూశాక మీలో పుట్టిన ప్రశ్ననే గట్టిగా పట్టుకోండి: ఈ పాట ఉచితంగా ఇవ్వడానికి ఒప్పుకున్నదెవరు?

ఆ ప్రశ్నకు న్యాయమైన జవాబులు చాలానే ఉన్నాయి. ఒకచోట ప్రకటనదారు డబ్బు కడతాడు, ఇంకోచోట దయగల శ్రోతలు విరాళమిస్తారు. కొన్నిచోట్ల కళాకారులే చేతులారా ఇచ్చేస్తారు. కొన్ని పాటల మీద హక్కుల గడువే తీరిపోతుంది. మీ ఎంపీ3 సైటును అడిగితే వీటిలో ఏ జవాబూ రాదు. అక్కడా ప్రకటనలున్నాయి కదా అనుకోవచ్చు. ఆ ప్రకటనల డబ్బు సైటు నడిపేవాడి జేబులోకి పోతుంది, మీ అబ్బాయి పాట మీద వచ్చింది కూడా.

పగలు మిషన్ దగ్గర వినడానికి ప్రకటనలతో నడిచే సేవలు చాలు. స్పాటిఫైలో ఉచిత ఖాతా తెరిస్తే ప్రకటనలు వస్తాయి, పాటలు దాటించడానికి పరిమితులుంటాయి, పాటల్ని ఫోన్‌లో దాచుకోవడం కుదరదు. అయినా మీరు విన్నందుకు హక్కుదారులకు సాధారణంగా ఎంతో కొంత ముడుతుంది. చందాదారులు విన్నప్పుడు వచ్చేంత మాత్రం రాదు. యూట్యూబ్‌లోనైతే ఒక చిక్కుంది. ఉచితంగా వాడేటప్పుడు ఫోన్ తెర ఆర్పితే పాట ఆగిపోతుంది. ఇంట్లో పాత కంప్యూటరో ట్యాబ్లెట్టో మూలన పడి ఉంటే దాన్ని మిషన్ పక్కన పెట్టుకోండి, ఫోన్‌కి శ్రమ తప్పుతుంది.

యూట్యూబ్‌లో ఏది అసలుది, ఏది ఎవరో ఎక్కించినది అని మీకు సందేహం రావచ్చు. పాట కింద వివరాలు తెరిచి చూడండి. "ప్రొవైడెడ్ టు యూట్యూబ్ బై" అని మొదలై ఒక కంపెనీ పేరు ఉందంటే అది హక్కుదారుల తరఫున నేరుగా వచ్చిన పాట. కళాకారుల, రికార్డు కంపెనీల అధికారిక చానళ్లు సరేసరి. ఎవరో అభిమాని ఎక్కించినదైనా సరే, 2007 నుంచి ఉన్న కంటెంట్ ఐడీ ఏర్పాటు దాన్ని గుర్తుపట్టగలదు. అప్పుడు దాన్ని ఆపేయాలా, ఉంచి దాని మీద వచ్చే ప్రకటనల డబ్బు తీసుకోవాలా అన్నది హక్కుదారే తేల్చుకుంటారు. అక్కడే వింటున్నంతవరకు ఈ లెక్క నడుస్తుంది. పాటను బయటకు లాగి ఎంపీ3 చేసుకున్నామంటే ఆ లెక్క తెగిపోతుంది, యూట్యూబ్ నిబంధనలకూ అది విరుద్ధం.

రాత్రి మీ నాన్నగారి విషయం వేరు. నిద్రపోయే మనిషి చెవిలో ప్రకటన మోగకూడదు. దీనికి నాకు బాగా నచ్చిన దారి శ్రోతల విరాళాలతో నడిచే ఇంటర్నెట్ రేడియోలు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి 2000 నుంచీ నడుస్తున్న సోమాఎఫ్ఎంలో 30కి పైగా చానళ్లున్నాయి, ప్రకటనలు లేవు. మాటలు లేకుండా నెమ్మదిగా సాగే సంగీతానికే ప్రత్యేకంగా చానళ్లున్నాయి. రేడియో ప్యారడైజ్ కూడా అలాంటిదే. రేడియో గార్డెన్ అని ఇంకొకటుంది. తెర మీద భూగోళం తిరుగుతుంటుంది, దాని నిండా పచ్చ చుక్కలు. ఒక చుక్క మీద ఆపితే ఆ ఊళ్లో ఆ క్షణాన మోగుతున్న రేడియో మీ గదిలో వినిపిస్తుంది. మీరు తిప్పుతూ ఊరి పేరు చెప్పండి, ఆయన వింటూ ఎక్కడ ఆపాలో చెబుతారు. చూపు తగ్గిన పెద్దాయనకు పగటిపూట ఇది మంచి కాలక్షేపం. కాకపోతే అందులో ప్రకటనలు ఉండే స్టేషన్లూ ఉంటాయి కాబట్టి నిద్రవేళకు పెట్టకండి. హక్కుల చిక్కుల వల్ల కొన్ని దేశాల్లో అన్ని స్టేషన్లూ రావు. బ్రిటన్‌లో 2022 నుంచి అక్కడి స్టేషన్లే వినిపిస్తున్నాయి.

ఆయన అడిగే పాత పాటలు, పియానో సంగీతం దగ్గర ఒక సంగతి విడమర్చి చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. ఒక పాట మీద రెండు వేరు వేరు హక్కులుంటాయి. రాసిన, కూర్చిన దాని మీద ఒకటి, దాన్ని పాడి వాయించి పట్టిన రికార్డింగు మీద ఇంకొకటి. జర్మన్ సంగీతకర్త బాఖ్ 1750లో పోయాడు. ఆయన కూర్చిన సంగీతం ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా వాయించుకోవచ్చు. కానీ పోయిన ఏడాది ఒక పియానిస్టు దాన్ని వాయించి రికార్డు చేస్తే ఆ రికార్డింగు మీద హక్కులు కొత్తగా పుడతాయి. అంటే "ఇది మూడొందల ఏళ్ల నాటి సంగీతం కదా, ఎక్కడ దించుకున్నా ఫరవాలేదు" అనుకోవడానికి లేదు.

అయితే ఆ రెండో హక్కును కూడా వదిలేసినవాళ్లున్నారు. కిమికో ఇషిజాకా అనే పియానిస్టు బాఖ్ కూర్చిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్ అనే రచన మొత్తం శ్రోతల చందాలతో రికార్డు చేసి, 2012లో తన హక్కులన్నీ వదులుకుంటూ లోకానికి ఇచ్చేశారు. దించుకోవచ్చు, దాచుకోవచ్చు, నలుగురికీ పంచుకోవచ్చు. మీ నాన్నగారి కోసం మొదట దించుకోవలసినది ఇదేనని నా ఉద్దేశం. ప్రకటన రాదు, సిగ్నల్ అక్కర్లేదు. మ్యూజోపెన్ అనే సంస్థ కూడా ఇదే పని మీద ఉంది. శ్రోతల దగ్గర డబ్బు పోగుచేసి శాస్త్రీయ సంగీతాన్ని రికార్డు చేయించి హక్కులు లేకుండా విడుదల చేస్తుంది.

గ్రామఫోన్ నాటి పాటలకు గడువు లెక్క దేశాన్ని బట్టి మారుతుంది. భారతదేశంలో రికార్డింగు మీద హక్కు అది విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు, యూరోపియన్ యూనియన్‌లో 70 ఏళ్లు. అమెరికాలో 1923కు ముందు వెలువడిన రికార్డింగులన్నీ 2022 జనవరి 1న ఒక్కసారిగా అందరివీ అయ్యాయి. 2024 నుంచి జనవరి 1కి ఒక్కో ఏడాది రికార్డులు ఆ కోవలో చేరుతున్నాయి. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2011లో నేషనల్ జ్యూక్‌బాక్స్ పేరుతో 20వ శతాబ్దం మొదటి పాతికేళ్ల నాటి వేల రికార్డులు వినడానికి పెట్టింది. వాటిలో సూది గీతల గరగర అలాగే వినిపిస్తుంది. ఆ గరగర మీ నాన్నగారికి ఇష్టమేమో అడిగి చూడండి.

ఇంటర్నెట్ ఆర్కైవ్ పేరు మీకు తప్పకుండా ఎవరో ఒకరు చెబుతారు. పాటలు, పుస్తకాలు, పాత వెబ్ పేజీలు దాచి అందరికీ అందుబాటులో ఉంచే పెద్ద నిధి అది, 1996లో మొదలైంది. 2002 నుంచి ఉన్న లైవ్ మ్యూజిక్ ఆర్కైవ్ విభాగంలో, తమ కచేరీల రికార్డింగులు పంచుకోవడానికి ఒప్పుకున్న బృందాలవే ఉంటాయి. అక్కడ నిశ్చింతగా వినండి. మిగతాచోట్ల అంత నిశ్చింత పనికిరాదు. ఎవరైనా ఏదైనా ఎక్కించే వీలుంది కాబట్టి, అక్కడ ఉన్నంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. పాత 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) గ్రామఫోన్ రికార్డులను అక్కడ ఉంచడం మీద రికార్డు కంపెనీలు 2023లో దావా వేశాయి, అది 2025లో రాజీతో ముగిసింది. మంచి ఉద్దేశంతో చేసే పనికి కూడా ఈ చిక్కు తప్పలేదు.

సిగ్నల్ లేని ప్రయాణానికి పాట మీ దగ్గరే ఉండాలి. ఇక్కడ ఉచిత స్ట్రీమింగ్ ఖాతాలు ఆదుకోవు. కళాకారులే ఇచ్చినవి ఆదుకుంటాయి. కళాకారులే నేరుగా పాటలు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో కొన్ని ఆల్బమ్‌ల దగ్గర ధర ఉండాల్సినచోట "నేమ్ యువర్ ప్రైస్" అని ఉంటుంది, మీకు తోచినంత అని అర్థం. కనీస ధర పెట్టని ఆల్బమ్ అయితే ఆ గడిలో 0 వేసినా పాట దిగుతుంది. 0 వేయడానికి సిగ్గుపడకండి. ఆ గడిని అలా వదిలింది ఆ కళాకారుడే, మీలాంటివాళ్లు కూడా వినాలనే. ఎప్పుడైనా చేతిలో నాలుగు డబ్బులు ఉన్న నెలలో వెనక్కి వెళ్లి ఒక్కరికైనా ఇవ్వవచ్చు. ఫ్రీ మ్యూజిక్ ఆర్కైవ్, జమెండో అనే సైట్లలో కూడా ఇలా పాటలు దించుకోవచ్చు. మొదటిదాన్ని డబ్ల్యూఎఫ్ఎంయూ అనే రేడియో స్టేషన్ 2009లో మొదలుపెట్టింది.

వీటిలో చాలా పాటల పక్కన క్రియేటివ్ కామన్స్ గుర్తు ఉంటుంది, అంటే ఏయే షరతుల మీద పంచుకోవచ్చో పాట చేసినవాళ్లే ముందుగా ఇచ్చిన అనుమతి. బీవై అంటే పాట పంచుకునేటప్పుడు చేసినవాళ్ల పేరు చెప్పాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు, ఎన్‌డీ అంటే మార్చి పంచకూడదు. మీరు ఒంటరిగా వినడానికి ఇవేవీ అడ్డం కావు. రేపెప్పుడైనా దుకాణం తెరిచి వచ్చేపోయేవాళ్లకు వినిపిస్తానంటే మాత్రం లెక్క మారుతుంది. స్ట్రీమింగ్ సేవల ఖాతాలు కూడా సొంతానికి వినడానికే.

కొన్ని దేశాల్లో గ్రంథాలయ సభ్యత్వం ఉంటే ఫ్రీగల్, హూప్లా లాంటి సేవల్లో పాటలు ఉచితంగా వినవచ్చు, డబ్బు గ్రంథాలయం కడుతుంది. మీకు దగ్గర్లో అలాంటిది ఉందేమో ఒకసారి అడగండి.

నిజం చెప్పాలంటే, ఈ దారులన్నీ కలిపినా మీ 1,600 పాటలూ అలాగే తిరిగి రావు. కొత్తగా వచ్చిన, అందరూ పాడుకునే పాటలు ప్రకటనల మధ్యే వినాలి. దించుకోదగ్గవాటిలో మీకు తెలియని పేర్లే ఎక్కువ ఉంటాయి.

మరి ఆ 1,600 ఏం చేయాలి? ఒక్కపెట్టున తుడిచేస్తే మనసు తేలికవుతుంది, కానీ రాత్రి నాన్నగారు ఫలానా పాట అని అడిగితే మీ దగ్గర ఉండదు. ఉన్నవి ఉంచేసి, కొత్తవి దించుకోకుండా, ఎవరికీ పంచకుండా ఉండవచ్చు. చాలామంది చేసేది అదే. కానీ మీ ఉత్తరం చూస్తే ఆ పాటలు మోగినప్పుడల్లా మీకు అబ్బాయే గుర్తొస్తాడనిపిస్తోంది. నాకు మధ్య దారి నచ్చుతుంది. ఒక వారం పాటు మిషన్ పక్కన కాగితం పెట్టుకుని, ఏయే పాటలు నిజంగా కోరి విన్నారో రాయండి. ఆ పాటల్ని ఏదో ఒక సక్రమమైన సేవలో వెతికి ప్లేలిస్టులో చేర్చుకోండి, చేరినదాన్ని ఫోన్‌లోంచి తీసేయండి. ఎక్కడా దొరకని నాలుగైదు పాటలు మిగులుతాయి. వాటిని ఏం చేయాలన్నది మీ మనస్సాక్షికే వదిలేస్తున్నాను.

తమ్ముడితో "నువ్వు తప్పు చేశావు" అని మొదలుపెట్టకండి. అక్కయ్య రోజంతా ఒంటరిగా కుడుతోందని, ఖర్చు లేకుండా పాటలు వినాలని చేసిన పని అది. యాప్ సంగతి మాత్రం దాచకుండా చెప్పండి, అతని ఫోన్‌లోనూ అదే ఉండి ఉంటుంది కనుక. మార్చిన యాప్‌లు వాడేవాళ్లకు స్పాటిఫై 2018లోనే హెచ్చరిక మెయిళ్లు పంపింది. ఖాతా పోవడం చిన్న నష్టం, పాస్‌వర్డ్‌లు పోతే పెద్ద నష్టం. మేనల్లుడి పాట సంగతి అతనికి తెలుసా? తెలియకపోతే అబ్బాయిని అడిగి, వాడికి ఇష్టమైతే వాడి నోటితోనే చెప్పనివ్వండి. ఆ తర్వాత కొత్త ఖాతాలు తెరిచే పని, ఆల్బమ్‌లు దించే పని తమ్ముడికే అప్పజెప్పండి. మీకోసం ఏదో చేసిపెట్టాలన్న అతని కోరికా తీరుతుంది.

మీ అబ్బాయి పాటను ఆ సైటు నుంచి తీయించడానికి ప్రయత్నం చేయవచ్చు. పాట తయారుచేసిన అసలు ఫైళ్లు, మొదట నెట్‌లో పెట్టిన తేదీ కనిపించే స్క్రీన్‌షాట్ దాచి ఉంచండి. అమెరికాలో 1998లో డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం వచ్చాక చాలా సైట్లలో కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంటోంది. సైటు పలకకపోతే దానికి చోటిచ్చే హోస్టింగ్ కంపెనీకి రాయవచ్చు, గూగుల్ వెతుకులాటలోంచి ఆ పేజీని తీసేయమనీ అడగవచ్చు. ఫిర్యాదులో ఇచ్చే పేరు, చిరునామా అవతలివాళ్లకు చేరే అవకాశముంది. పిల్లాడు మైనరు కాబట్టి పెద్దవాళ్లుగా మీ పేరుతో పంపండి, ఇంటి వివరాలు తప్పనిసరి అయినంతవరకే ఇవ్వండి. ఒకచోట తీసేస్తే ఇంకోచోట మొలవవచ్చని వాడికి ముందే చెప్పండి. లేకపోతే రెండోసారి మరింత కుంగిపోతాడు.

తర్వాతి పాట ఎలా పెట్టాలన్నది వాడే తేల్చుకోవాలి. హక్కులన్నీ తన దగ్గరే ఉంచుకోవచ్చు. క్రియేటివ్ కామన్స్ కింద, నా పేరు చెప్పండి, అమ్ముకోకండి అని ఇవ్వవచ్చు. అలా ఇస్తే పాట ఎక్కువమందికి చేరుతుంది, కానీ ఒకసారి ఇచ్చిన ఆ అనుమతిని వెనక్కి తీసుకోవడం కుదరదు. పదహారేళ్ల పిల్లాడు ఈ సంగతి తెలిసి ఒప్పుకోవాలి, తొందరపెట్టకండి. ఏ దారిన పెట్టినా, పెట్టాక ఆ పాట ఎక్కడుందో నాకు రాయండి. ముందు ప్రకటన వస్తే దాటించకుండా చివరిదాకా చూసి, అప్పుడు పాట వింటాను.